ఒకే వారం రెండు ఊళ్లు

టెన్నిస్ ఆడటం నాకు రాదు. పదిహేనేళ్లు ఒక టెన్నిస్ అకాడమీలో పనిచేసి రిటైరైన మనిషి ఈ మాట అంటే మీలో కొందరు నవ్వుతారు, నవ్వండి. చేరిన మొదటి రోజు రాకెట్‌ను బ్యాటు అన్నందుకు మా కోచ్ కూడా నవ్వాడు. అయినా ఏ వారం ఎవరిని ఏ ఊరికి పంపాలో ఆ కోచ్ నన్నడిగే నిర్ణయించేవాడు. ఆ పని ఎంత బాగా చేసేవాణ్నో చెప్పుకోవాలని నాకు చాలా ఉంది. కానీ ఇక్కడ రాస్తున్నది ఒక అమ్మాయి విషయంలో రెండుసార్లు ఏం చేశానన్నది మాత్రమే. ఇప్పుడు ఇదే పనిలో ఉన్న చిన్నవాళ్లకు పనికొస్తుందో లేదో మీరే చూసుకోండి.

నేను మేడ్చల్ వాణ్ని. తొంభైల మొదట్లో అక్కడి పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో స్టెనోగా ఉండేవాణ్ని. మేనేజరు చెప్పింది రాసుకోవడం, రాసుకున్నది టైపు కొట్టడం, కొట్టింది ఆయన ముందు పెట్టడం. నీ అభిప్రాయమేమిటని పన్నెండేళ్లలో ఒక్కరూ అడగలేదు. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. కొన్ని నెలలు ఖాళీగా తిరిగాక, షామీర్‌పేట్ నుంచి తుర్కపల్లి పోయే దారిలో కొత్తగా టెన్నిస్ అకాడమీ పెట్టారని, ఇంగ్లీషులో టైపు కొట్టి ఫ్యాక్స్ పంపగలిగే మనిషి కావాలని తెలిసి పోయాను. ఎనిమిది కోర్టులు, ఒక రేకుల షెడ్డు, షెడ్డులో ఒక టేబులు ఉన్నాయి. ఆ టేబులు నాకిచ్చారు.

మీకిప్పుడు ఫోన్‌లో ఒక్కసారి నొక్కితే ఎంట్రీ పోతుంది. అప్పుడు ప్రతి ఆటగాడికి ఒక ఫారం నింపి, మూడు వారాల ముందు ఫ్యాక్స్ పంపాలి. మా స్థాయి టోర్నమెంట్లలో ఒక వెసులుబాటు ఉండేది. ఒకే వారంలో రెండు మూడు ఊళ్లలో పోటీలుంటే అన్నింటికీ పేరు పంపుకోవచ్చు. కానీ క్వాలిఫయింగ్, అంటే అసలు పోటీకి ముందు జరిగే వడపోత మ్యాచులు, మొదలయ్యే ముందు రోజు సాయంత్రం ఆరు గంటల లోపు ఏదో ఒక ఊళ్లో రెఫరీ టేబుల్ దగ్గర స్వయంగా సంతకం పెట్టాలి. సంతకం ఎక్కడ పెడితే ఆ వారం అక్కడే. ఆరు దాటాక చేసేదేమీ లేదు.

టీవీలో కనిపించే పెద్ద ఆటగాళ్లు రెండు పోటీలు ఒకేసారి వస్తే కోర్టు మట్టిదా గట్టిదా, మోకాలు ఎలా ఉంది, ముందున్న పెద్ద పోటీకి ఏది పనికొస్తుంది అని చూసుకుంటారట. మా పిల్లల లెక్క వేరు. ఏ ఊళ్లో తక్కువ మంది సంతకం పెడతారు? వాళ్లకు కావాల్సింది అదొక్కటే. అరవై మంది వస్తే క్వాలిఫయింగ్‌లోనే మూడు మ్యాచులు గెలవాలి, ఆ తర్వాత అసలు పోటీలో, అంటే అసలు డ్రాలో, ఇంకొకటి గెలిస్తే ఒక ర్యాంకు పాయింట్. పది మందే వస్తే క్వాలిఫయింగ్‌లో ఒక్క మ్యాచ్ గెలిచినా అసలు డ్రాలో ఉంటారు. ఆటగాళ్లు వాళ్లే, ఆట అదే, తేడా అంతా ఆ సాయంత్రం ఎంతమంది వచ్చారన్న దానిలో ఉండేది.

అందుకని ఏ ఊరికి ఎవరెవరు పేర్లు పంపారో చెప్పే లిస్టులు చదవడం నేర్చుకున్నాను. రైలు టికెట్ వెయిటింగ్ లిస్టులో ఎన్ని కన్ఫర్మ్ అవుతాయో చెప్పేవాళ్లు ప్రతి ఆఫీసులో ఒకరుంటారు కదా, నేను అలా తయారయ్యాను. సుచిత్ర చౌరస్తా దగ్గరి ఇంటర్నెట్ సెంటర్లో లిస్టులు ప్రింటు తీయించుకుని వచ్చి, పేరు పేరునా చూసేవాణ్ని. ముంబయిలో మేనత్త ఉన్న పిల్ల ముంబయికే పోతుంది. పెరుగన్నం లేకపోతే ఉండలేని పిల్ల దేశం దాటదు. ఫలానా పిల్లకు డిగ్రీ పరీక్షలు, కాబట్టి రెండు చోట్లా రాదు. ఫలానా కోచ్‌కు ఫలానా ఊరి నిర్వాహకులతో పడదు, కాబట్టి ఆయన దగ్గర నేర్చుకునే పిల్లలు నలుగురూ ఆ లిస్టులోంచి పోయినట్టే. ఇలా కొట్టేసుకుంటూ పోతే అటూ ఇటూ ఇద్దరు ముగ్గురి తేడాతో నా అంకె నిజమయ్యేది.

పేరు పాకింది. మద్రాసు నుంచి, పుణె నుంచి, బెంగళూరు నుంచి కోచ్‌లు ఫోన్లు చేసేవాళ్లు. విజయవాడ నుంచి ఒకాయన ప్రతి వారం చేసేవాడు. మున్సిపల్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు. సొంత కూతురికి తనే కోచ్. "మీ మాటే మాకు గెజెట్ అండీ" అనేవాడు. ఆ మాట విన్న రోజున మధ్యాహ్నం టిఫిన్ బాక్సులోని ఉప్మా కూడా బాగుండేది. అడిగిన ప్రతివాళ్లకూ అడిగినంతా చెప్పేవాణ్ని. పన్నెండేళ్లు ఎవరో చెప్పింది టైపు కొట్టిన మనిషికి నలుగురు ఫోన్ చేసి సలహా అడిగితే ఎలా ఉంటుందో మీకు తెలియకపోవచ్చు.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి. లాల్‌గడి మలక్‌పేట్ పిల్ల, ఎడమచేతి వాటం, అప్పటికి పంతొమ్మిదేళ్లు. పేరు రాయను. అకాడమీలో అందరం మా అమ్మాయి అనే అనుకునేవాళ్లం కాబట్టి ఇక్కడా అలాగే అంటాను. వాళ్ల నాయిన మాజీ సర్పంచ్. ఉన్న భూమిలో కొంత సాగు, కొంత ప్లాట్ల వెంచరు. కూతురు పొద్దున్నే ఆడుకోవడానికి పొలంలో మోటారు షెడ్డు పక్కన సొంతంగా సిమెంటు కోర్టు వేయించాడు. గీతలు కొలత ప్రకారం ఉన్నాయో లేదో చూడమని నన్ను జీపులో తీసుకుపోయాడు కూడా. టేపు పట్టుకుని కొలిచాను. ఒకవైపు అడుగు తక్కువ వచ్చింది. ఆయన మళ్లీ గీయించాడు.

మా అమ్మాయికి ప్రపంచ ర్యాంకుల పట్టికలో పేరు చూసుకోవాలని ఉండేది. ఎన్నో నంబరైనా సరే, పేరు పడాలి. ఆ రోజుల్లో ఒక్క టోర్నమెంటులో పాయింటు వస్తే పేరు ఎక్కేది కాదు, మూడు వేర్వేరు టోర్నమెంట్లలో పాయింటు రావాలి. వచ్చిన పాయింటుకు ఏడాదే ఆయుష్షు. మూడోది వచ్చేలోపు మొదటిది పోతే మళ్లీ ఇంకొకటి సంపాదించాలి. ఆమెకు బెంగళూరులో ఒకటి, ఢిల్లీలో ఒకటి వచ్చి ఉన్నాయి. బెంగళూరు పాయింటుకు ఏడాది నిండటానికి ఒక్క వారం ఉందనగా, ఆ వారంలోనే రెండు పోటీలు పడ్డాయి. ఒకటి మన హైదరాబాదులో, ఇంకొకటి కొలంబోలో.

లిస్టులు ముందేసుకుని రెండు రోజులు కూర్చున్నాను. హైదరాబాదుకు అన్ని రాష్ట్రాల నుంచీ రైళ్లున్నాయి, యాభై మందికి తక్కువ రారు. కొలంబోకు మద్రాసు పోయి విమానమెక్కాలి, పాస్‌పోర్టు కావాలి, పదిహేను మంది వస్తే ఎక్కువ. కొలంబోకే పోవాలని చెప్పాను. వాళ్ల నాయిన జీపు వేసుకుని వచ్చాడు.

"ఏంది సారూ, ఇంటి ముందట ఆట పెట్టుకొని సముద్రం దాటి పోవుడేంది? ఊరంత వస్తమంటున్నరు. రెండు డీసీఎం బండ్లు మాట్లాడిన."

"ఊరోళ్లు సూస్తే పాయింట్ రాదు సర్పంచ్ సాబ్," అన్నాను. "ఈడ నలుగురిని గెలవాలె. ఆడ ఇద్దరిని గెలిస్తే సాలు."

"నీకెట్ల ఎరుక?"

"గదే నా పని."

ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె "సార్ చెప్తే ఐతది నాయినా" అంది. డీసీఎంల వాళ్లకు ఏం చెప్పుకున్నాడో గానీ, ఆయనే పచ్చడి డబ్బాతో కూతురి వెంట కొలంబో పోయాడు.

వాళ్లు పోయిన మరునాడు శనివారం. హైదరాబాదులో సంతకాల రోజు. మా అకాడమీ నుంచి ఎవరూ ఆడటం లేదు, నాకక్కడ పనేమీ లేదు. అయినా బస్సెక్కి స్టేడియానికి పోయాను. ఎందుకు పోయానో దాచుకోను. యాభై మంది తోసుకుంటూ నిలబడితే దూరం నుంచి చూసి మురిసిపోదామని పోయాను.

గ్యాలరీ కింద ఒక టేబులు, దాని మీద ఒక కాగితం, దారం కట్టిన పెన్ను. రెఫరీ కుర్చీలో వెనక్కి వాలి పేపరు చదువుకుంటున్నాడు. నాలుగున్నరకు కాగితం మీద ఆరు సంతకాలున్నాయి. అందరూ చివర్లో వస్తారులే అనుకున్నాను. ఐదున్నరకు తొమ్మిది. ఆదివారాలు మాత్రం క్లబ్బులో ఆడుకునే ఒక అమ్మాయి స్కూటీ మీద వచ్చి, సంతకం పెట్టి, నాతో "అంకుల్, ఎవరూ రాలేదేంటి?" అంది. ఆరయింది. రెఫరీ గడియారం చూసి పదకొండో సంతకం కింద గీత గీశాడు. ఈ యాభై మందీ ఎక్కడికి పోయారో అప్పుడే తెలిసింది.

ఆదివారం పొద్దున అకాడమీకి ఫోన్ వచ్చింది.

"సార్, ఈడ అరవై మంది సంతకం పెట్టిన్రు," అంది మా అమ్మాయి. "మస్తు పెద్ద డ్రా వడ్డది."

"పరేషాన్ గాకు బిడ్డా. ఆడు," అన్నాను.

రెండు మ్యాచులు గెలిచింది. మూడోది, గెలిస్తే అసలు డ్రాలోకి పోయేది, ఓడిపోయింది. మరుసటి సోమవారం బెంగళూరు పాయింటు గడువు తీరిపోయింది. ఇక్కడ హైదరాబాదులో స్కూటీ అమ్మాయి ఒక్క మ్యాచ్ గెలిచి అసలు డ్రాలో ఆడింది. పేపర్లో ఫోటో కూడా వచ్చింది.

మా అమ్మాయి బుధవారం వచ్చి నా టేబుల్ ముందు కూర్చుంది.

"కొలంబో ఖాళీ అని ఎంతమందికి చెప్పిన్రు సార్?"

"ఇద్దరు ముగ్గురు అడిగిన్రు బిడ్డా. చెప్పిన."

"తొమ్మిది మంది సార్. లైన్ల నిలవడి ఒక్కొక్కల్లను అడిగిన. మీకెవరు చెప్పిన్రంటే షామీర్‌పేట్ సారే అన్నరు." ఆమె గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకుందామని అడుగుతున్నట్టుంది. "అందరికీ చెప్తే ఇగ అది ఖాళీ ఎట్లుంటది సార్?"

నిజంగానే ఆ సంగతి నాకు తట్టలేదు. నలభై ఏడేళ్ల వాణ్ని, మేనత్తల ఊళ్లూ పెరుగన్నాలూ లెక్కలోకి తీసుకున్నవాణ్ని, నా నోటిని లెక్కలోకి తీసుకోలేదు. తొమ్మిది మంది కోచ్‌లు, ఒక్కొక్కరి దగ్గర నలుగురైదుగురు పిల్లలు. నేను ఎవరికీ ఏమీ చెప్పకపోయి ఉంటే కొలంబో నేనన్నట్టే ఉండేది. ఇద్దరు ముగ్గురని చెప్పిన అబద్ధానికి ఇంకా సిగ్గేసింది. ఆమె ముందు తల ఎత్తలేక ఫారాలు సర్దుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లు ఎవరడిగినా తెలియదనే చెప్పాను. ఫోన్లు తగ్గాయి. తొమ్మిది మందిలో నలుగురే చేసేవాళ్లు. కొలంబో సంగతి వాళ్లు నా తప్పుగా చూడలేదు. "అందరూ ఒకేసారి అటే వస్తే మీరేం చేస్తారండీ" అని విజయవాడ మాస్టారు తనే సర్దిచెప్పాడు. మెల్లమెల్లగా వాళ్లకు మళ్లీ చెప్పడం మొదలుపెట్టాను, ఒకసారికి ఒకరికో ఇద్దరికో. మానేద్దామనుకున్న అలవాటు నాతో రిటైరయ్యేదాకా ఉండేటట్టే కనబడింది.

వానాకాలంలో మా అమ్మాయికి లక్నోలో ఒక పాయింటు వచ్చింది. అంటే ఢిల్లీ, లక్నో కలిపి మళ్లీ రెండు. ఢిల్లీ పాయింటు గడువు దగ్గరపడింది. గడువుకు ముందు మిగిలింది ఒకే వారం. ఆ వారంలోనూ రెండు పోటీలే, పుణెలో ఒకటి, కఠ్మాండులో ఒకటి.

ఈసారి వాళ్ల నాయినకు ఓపిక లేదు. మోటారు షెడ్డు దాకా వెంచరు వచ్చేసింది. హద్దు రాళ్లు కోర్టు అంచు దాకా పాతారు. అకాడమీకి వచ్చి నిలబడే మాట్లాడాడు.

"గీ ఒక్కసారి సూస్త సారూ. పేరు వడ్డదా, మంచిది. వడకపోతే కోర్టు గూడ ప్లాట్లల్ల కలిపేస్త. ఎన్నేండ్లని తిరుగుతం?"

ఆయన తప్పేమీ లేదు. ఏడేళ్లుగా తిరుగుతున్నాడు. మా అమ్మాయి పక్కనే ఉండి వింది. ఆయన జీపు గేటు దాటాక నా ఎదుట కూర్చుంది.

"ఏడికి పోవాలె సార్?"

లిస్టులు చూపించాను. కఠ్మాండుకు గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కణ్నుంచి సోనౌలీ సరిహద్దు దాటి కొండదారిలో బస్సు. మామూలుగా అయితే అందరూ పుణెకే పోతారు. కానీ కొలంబో తర్వాత అందరికీ తెలివి వచ్చింది. దూరం ఊరు ఖాళీ అని వాళ్లూ అనుకుంటే కఠ్మాండులో ఎంతమంది ఉంటారో చెప్పలేనన్నాను. మొదటిసారి అంకె చెప్పకుండా లిస్టు మూశాను.

మూసిన లిస్టును ఆమె తనవైపు లాక్కుంది. "ఈసారి గూడ ఫోన్లు జేస్తరు గద సార్?"

"చేస్తరు."

"పుణె ఖాళీ అని చెప్పుండ్రి."

నేను ఆమె మొహంలోకి చూశాను. హాస్యానికి అనలేదు.

"అబద్ధం గద బిడ్డా అది."

"పోయినసారి నిజమే చెప్పిన్రు గద సార్. నాకేమైంది?"

అవునని గానీ కాదని గానీ నేననలేదు. ఆ తర్వాత చాలాసార్లు ఆలోచించాను, అప్పుడే కాదని ఉండాల్సిందని. ఆమెకు ఇరవై ఏళ్లు, నాకు దాదాపు యాభై. అడగడం ఆమె వయసులో చెల్లుతుంది. కానీ కొలంబో బాకీ నా నెత్తిన ఉందనిపించింది. దాన్ని ఎవరి చేత కట్టిస్తున్నానో చూసుకోలేదు.

సోమవారం ఫోన్లు వచ్చాయి. ఆమె షెడ్డులోనే బెంచీ మీద కూర్చుని రాకెట్ పిడికి కొత్త టేపు చుట్టుకుంటోంది. మొదట మద్రాసాయన చేశాడు. పుణె ఖాళీ అన్నాను. నిజం చెప్పేటప్పుడు ఏ గొంతు వచ్చేదో అదే వచ్చింది. రెండో ఆయనకు, మూడో ఆయనకు కారణాలు కూడా చెప్పాను. ఫలానా వాళ్లందరూ కఠ్మాండుకు టికెట్లు తీసుకున్నారట అన్నాను. ఎవరూ అడగకుండానే చెప్పాను.

నాలుగోది విజయవాడ మాస్టారు.

"గురువుగారూ, ఈసారి జాగ్రత్తగా చూసి చెప్పాలండీ. మా పాపకు కూడా రెండు పాయింట్లు అయ్యాయి. ఇంకొక్కటి వస్తే పట్టికలో పేరు పడుతుంది. కఠ్మాండుకని గోరఖ్‌పూర్ దాకా టికెట్లు తీశాను. మీరు ఊఁ అంటే బయల్దేరతాం."

ఆయన కూతురు మా అమ్మాయిని అంతకుముందు రెండుసార్లు ఓడించింది. అది నాకు తెలుసు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ నేను బెంచీ వైపే చూశాను. మా అమ్మాయి టేపు చుట్టడం ఆపింది. ఆమెకు అవతలి మాట వినబడదు. వినబడి ఉంటే ఏమనేదో నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు.

"పుణెకు పొండి మాస్టారూ," అన్నాను. "పుణె ఖాళీ."

"అంతేనంటారా?"

"అంతే."

"అయితే గోరఖ్‌పూర్ టికెట్లు రద్దు చేయించేస్తానండీ. మీరు చెప్పాక ఇంకేముంది," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక మా అమ్మాయి "ఎవరు సార్?" అంది. విజయవాడ అన్నాను. ఆమె తల ఊపి మిగిలిన టేపు చుట్టుకుంది.

కఠ్మాండులో పద్నాలుగు మంది సంతకం పెట్టారు. మా అమ్మాయి క్వాలిఫయింగ్‌లో ఒక మ్యాచ్ గెలిచింది. అసలు డ్రాలో మొదటి మ్యాచ్ మూడు సెట్లు పోయింది, చివరి సెట్లో వెనకబడి గెలిచింది. ఆమె ఫోన్ చేసి "వచ్చింది సార్" అంది, అంతే. వెనక నుంచి వాళ్ల నాయిన "సారుకు చెప్పు, చలికి చస్తున్నమని చెప్పు" అనడం వినబడింది. నాకు సంతోషమేసింది. ఇది దాచితే అబద్ధమవుతుంది. షెడ్డు బయటికి పోయి, ఆడుతున్న పిల్లలందర్నీ ఆపి చెప్పాను.

నేను అబద్ధం చెప్పకపోయినా కఠ్మాండు ఖాళీగానే ఉండేదేమో. ముగ్గురు కోచ్‌లు ఎలాగూ పుణెకే పోదామనుకుంటున్నారని తర్వాత తెలిసింది. నా మాట మీద దారి మార్చుకున్నది ఒక్క విజయవాడాయనే. పద్నాలుగు మందికి బదులు పదిహేను మంది ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఆ పదిహేనో అమ్మాయి మా అమ్మాయికి ఎదురుపడేదో లేదో కూడా చెప్పలేరు. లెక్కలు వేయడం నా వృత్తి కాబట్టి ఆ లెక్క కూడా చాలాసార్లు వేసి చూశాను. తేలలేదు.

కొత్త పట్టిక వచ్చిన రోజు సుచిత్ర చౌరస్తాకు పోయి ప్రింటు తీయించాను. చివరి పేజీల్లో, మన మొహాలు ఎవరూ చూడని చోట, ఆమె పేరుంది. ఇంటిపేరు స్పెల్లింగులో ఒక అక్షరం తప్పు పడింది. ఆ ఫారం టైపు కొట్టింది నేనే. ఆమె ఆ తప్పు చూసి నవ్వింది, కాగితాన్ని మడిచి కిట్ బ్యాగులో పెట్టుకుంది. రెండు రోజుల్లో షామీర్‌పేట్ చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. అందులో ర్యాంకు నంబరు వేయలేదు, "ప్రపంచ ర్యాంకు సాధించిన" అని మాత్రం ఉంది. కూతురి ఫోటో కంటే తండ్రి ఫోటో పెద్దది, తండ్రి ఫోటో కంటే ఎమ్మెల్యే ఫోటో పెద్దది. వాళ్ల నాయిన హద్దు రాళ్లు పీకించి కోర్టుకు అవతలికి జరిపించాడు.

ఆ ఫ్లెక్సీ చూసి అకాడమీకి వచ్చి కూర్చున్నాను. పదకొండు గంటలప్పుడు ఫోన్ మోగింది. విజయవాడ మాస్టారు.

"గురువుగారూ, కంగ్రాచ్యులేషన్సండీ. మీ అమ్మాయి పేరు పడిందటగా. చాలా సంతోషం."

"మీ అమ్మాయి?" అన్నాను.

"పుణెలో డెబ్బై మంది వచ్చారండీ. రెండు గెలిచింది, మూడోది పోయింది. మొదటి పాయింటు గడువు అయిపోయింది. పర్లేదు లెండి, చిన్నపిల్లే కదా. ఆ పుణె సంగతి గురించే ఫోన్ చేశాను. మీ లెక్క తప్పినందుకు మీరు బాధపడుతుంటారని మా ఆవిడ అంది. మనసులో పెట్టుకోకండి. ఎవరికైనా తప్పుతుంది. మీరు మా మంచికే చెప్పారు."

నా చేతిలో రిసీవరు ఉంది. ఎదురుగా, కఠ్మాండు నుంచి తెచ్చిన మిఠాయి డబ్బా ఉంది. చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

"అవునండీ," అన్నాను. "తప్పింది."

"మళ్లీ మొదట్నుంచి మొదలుపెడుతున్నాం. వచ్చే నెల మూడో వారంలో కూడా రెండున్నాయి కదా. ఎక్కడికి వెళ్లమంటారు?"

ఆ రెండు లిస్టులూ నా టేబుల్ మీదే ఉన్నాయి. రెండింటిలోనూ ఆయన కూతురి పేరుంది, మా అమ్మాయి పేరూ ఉంది.

"మీరే చూసుకోండి మాస్టారూ. నన్నడగకండి."

"కోపం వచ్చిందా గురువుగారూ? నేనేమైనా తప్పుగా అన్నానా?"

అదేం లేదన్నాను. రెండో లైన్లో ఇంకో ఫోన్ వస్తోంది, ఉంటానని చెప్పి పెట్టేశాను. మా ఆఫీసుకు ఉన్నది ఒకటే లైను.